మాయం చేసిన మనిషి మీద నవల: మొదటి కార్డు నుంచి అచ్చు దాకా

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి దిక్కున నవల రాయాలని కూర్చునేవాళ్ల కోసం ఇది. వస్తువు ఒక్కటే: సైనిక ప్రభుత్వం మనుషులను ఎత్తుకపోవడం, ఎత్తుకపోయి పట్టుకున్నామనీ ఒప్పుకోకుండా, చంపామనీ చెప్పకుండా జాడే లేకుండా చేయడం. 1970లలో లాటిన్ అమెరికాలో ఇది ఒక పాలనా పద్ధతిగా నడిచింది. దీని మీద తెలుగులో నవల మొదలుపెట్టేవాళ్లు చాలావరకు వందో పేజీ దగ్గర ఆగిపోతారు. వస్తువు బరువు కాదు దానికి కారణం. ఎవరి కథ చెబుతున్నామో ఆ మనిషి మూడో అధ్యాయానికే లేకుండా పోతాడు, మిగతా రెండు వందల పేజీలను ఎవరు మోయాలో ముందు అనుకొని ఉండరు. అందుకే ఈ క్రమం.

1. ముందు క్రియ తేల్చుకోండి

పేరు కన్నా, ఊరు కన్నా ముందు క్రియ. "మాయమయ్యాడు" అంటే తెలుగులో చేసినవాడు తప్పుకుంటాడు. వాన వెలిసింది, పొద్దు గూకింది, పిల్లగాడు మాయమయ్యాడు: అన్నీ వాటంతట అవే అయినట్టు. స్పానిష్‌లోనూ ఇదే తిప్పలు వచ్చింది. "దెసపరెసెర్" అంటే కనబడకుండా పోవడం. ఆ దేశాల కుటుంబాలు ఆ మాటను మెలితిప్పి "వాణ్ణి మాయం చేశారు" అనే అర్థంలో వాడుకలోకి తెచ్చాయి.

మన యాసలో ఆ మెలి ముందునుంచే ఉంది. "తీస్కపోయిండ్రు." కర్త లేడు, కానీ ఆ "ఇండ్రు"లో మనుషులున్నారు, ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారు. ఆ "ఇండ్రు" ఎవరన్నది తేల్చడమే నవల మొత్తం చేయాల్సిన పని. మిగతా మెట్లన్నీ దీని మీదే నిలుస్తాయి.

నోటుబుక్కు మొదటి పేజీలో ఐదు గొంతులు రాసి, ఒక్కోదానికి ఒక్క క్రియ కేటాయించండి. ప్రభుత్వం: "దేశం విడిచి వెళ్లిపోయాడు." పత్రిక: "కనిపించడం లేదు." కోర్టు: "నిర్బంధంలో ఉన్నట్టు రికార్డు లేదు." పక్కింటివాళ్లు: "ఊకెనే తీస్కపోతరా?" తల్లి: "తీస్కపోయిండ్రు." పక్కింటివాళ్ల మాట కల్పన కాదు. "ఏదో చేసే ఉంటారు" అన్న మాట అర్జెంటీనాలో ఆ రోజుల్లో ఇంటింటా వినిపించింది. చిత్తుప్రతి అయ్యాక ఈ పేజీ తీసి, ఏ పాత్ర తన క్రియ దాటి మాట్లాడిందో చూడాలి. దాటిన చోటు కథ మలుపైనా అయి ఉండాలి, మీ పొరపాటైనా అయి ఉండాలి. మధ్యస్థంగా ఉండడానికి వీల్లేదు.

2. దేశం ఎంచుకోవడం

రెండు దారులున్నాయి. నిజమైన దేశం తీసుకుంటే తేదీలు మీ చేతిలో ఉండవు. ఊహా దేశమైతే తేదీలు మీవే, కానీ యంత్రాంగం మాత్రం నిజంగా నడిచినదై ఉండాలి. మొదటి నవలకు నిజమైన దేశమే మేలు. ఊహా దేశంలో రచయిత తనకు తెలియనిదంతా పొగమంచులో దాచేస్తాడు, పాఠకుడు మూడో పేజీకే పసిగడతాడు.

అర్జెంటీనా తీసుకుంటే కనీసం ఇవి కంఠతా రావాలి. 1976 మార్చి 24న సైన్యం ఇసబెల్ పెరోన్ ప్రభుత్వాన్ని కూల్చింది. భూసైన్యం నుంచి విదేలా, నౌకాదళం నుంచి మసేరా, వైమానిక దళం నుంచి అగోస్తి కలిసి హుంతాగా, అంటే సైనిక పాలక మండలిగా, ఏర్పడ్డారు. 1982 ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల కోసం బ్రిటన్‌తో యుద్ధం, ఓటమి. 1983 డిసెంబర్ 10న పౌర ప్రభుత్వం వచ్చింది. ఆ వెంటనే వేసిన జాతీయ కమిషన్ 1984 సెప్టెంబర్‌లో "నుంకా మాస్", అంటే "ఇంకెన్నడూ వద్దు", అన్న నివేదిక ఇచ్చింది. అందులో 8,961 మంది జాడ లేనివాళ్లు, దాదాపు 340 రహస్య నిర్బంధ కేంద్రాలు నమోదయ్యాయి. హక్కుల సంఘాలు చెప్పే లెక్క 30 వేలు. నవలలో ఈ రెండంకెల్లో ఏది ఎవరి నోట వస్తోందో చూసుకోండి. 1978లో ఉన్న పాత్రకు 8,961 అన్న అంకె తెలిసే వీలే లేదు.

చిలీ అయితే 1973 సెప్టెంబర్ 11 నుంచి 1990 మార్చి 11 దాకా పినోచే పాలన. అక్కడి గూఢచారి సంస్థ వేరు, చర్చి పాత్ర వేరు, అటకామా ఎడారిలో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఎముకలు వెతికిన చరిత్ర వేరు. రెండు దేశాలను కలిపి ఒక పులగం చేయకండి.

ఇక మన దగ్గరి సంగతి. 1948 సెప్టెంబర్ తర్వాత 1949 ఆఖరు దాకా హైదరాబాద్ రాజ్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి అనే మిలిటరీ గవర్నర్ కింద ఉంది. నల్లగొండ పల్లెల్లో "మిలిట్రీ వచ్చిన్నాడు" అని పెద్దోళ్లు చెప్పే మాటలు ఇంకా వినబడతాయి. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది. ఆ మాటల్లోని భయం, బూట్ల చప్పుడు, కొట్టంలో దాక్కోవడం మీ చెవికి పనికొస్తాయి. సంఘటనలు మాత్రం ఎత్తుకెళ్లి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో పెట్టకూడదు. అది వేరే చరిత్ర, దానికి దాని నవలలు కావాలి.

ఒక కాలసంధి మాత్రం తెలిసి ఉండాలి. అర్జెంటీనాలో సైన్యం గద్దెనెక్కిన 35 రోజులకు, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో ఉన్న మన దేశంలో సుప్రీంకోర్టు ఏడీఎం జబల్‌పూర్ కేసులో తీర్పు చెప్పింది. నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్, అంటే పట్టుకున్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టమనే రిట్, అడగలేరని నలుగురు న్యాయమూర్తులు, అడగొచ్చని హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో తేల్చింది. తెలుగు పాఠకునికి "అది ఎక్కడో దూరపు సంగతి" అనిపించకుండా ఉండాలంటే ముందుమాటలో ఈ ఒక్క పేరా చాలు. కథలో జొప్పించొద్దు.

3. కార్డులు, గోడ మీది పట్టిక

మూడు రంగుల అట్టముక్కలు 120 దాకా కొనుక్కోండి. తెల్లవి చరిత్రకు, పసుపువి ఇంటికి, నీలంవి పాఠకునికి. తెల్ల కార్డు మీద ఆ రోజు దేశంలో ఏం జరిగింది, పసుపు కార్డు మీద ఇంట్లోవాళ్లకు ఆ రోజుకు ఏం తెలుసు, నీలం కార్డు మీద పాఠకునికి ఏం తెలుసు. ఈ మూడూ ఎప్పుడూ సమానంగా ఉండవు. ఆ తేడాలోనే ఉత్కంఠ ఉంది. తల్లికన్నా పాఠకునికి ఎక్కువ తెలిసిన అధ్యాయాలు, తల్లికన్నా తక్కువ తెలిసిన అధ్యాయాలు రెండూ ఉండాలి. అన్నీ ఒకేలా ఉంటే నవల నివేదికలా మారుతుంది.

గోడ మీద పట్టిక వేసేటప్పుడు మన రచయితలు తరచూ చేసే తప్పు వాతావరణం. అర్జెంటీనాలో కాలాలు తిరగబడి ఉంటాయి. మార్చి 24 అంటే ఆకురాలే కాలం మొదలు. జూన్, జూలై చలికాలం. డిసెంబర్ మండు వేసవి. 1977 డిసెంబర్‌లో ఎవరైనా శాలువా కప్పుకుంటే ఆ పేజీ పోయినట్టే. 1978 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జూన్ 1 నుంచి 25 దాకా జరిగింది, కోట్లు వేసుకునే చలిలో. ఫైనల్ ఆడిన మైదానం, ఎస్మా అనే నౌకాదళ మెకానిక్ బడి దగ్గర దగ్గరే ఉంటాయి. ఆ బడిలో దాదాపు 5 వేల మందిని బంధించారని అంచనా, బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమంది. గోలు పడ్డప్పుడు జనం అరుపులు తమకు వినబడ్డాయని వాళ్లు చెప్పారు. దీన్ని వాడాలనుకుంటే ఒక్క వాక్యంలో వాడండి. పేరా అయితే ఉపన్యాసం.

ఇంకో చిన్న విషయం, వేళ. అక్కడ రాత్రి భోజనం తొమ్మిది, పది దాటాకే. "ఏడింటికి అన్నం తిని పడుకున్నారు" అని రాస్తే ఆ ఇల్లు అక్కడి ఇల్లు కాదు.

4. యంత్రాంగం: చేతులు ఎలా పనిచేశాయి

రాసేవాళ్లు ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే. క్రూరత్వాన్ని వర్ణించడం తేలిక. పని ఎలా జరిగిందో చెప్పడం కష్టం, అదే పాఠకుణ్ణి కదిలిస్తుంది.

ఎత్తుకపోవడం చాలావరకు ఇంటి నుంచే. కమిషన్ లెక్కలో నూటికి 62 మందిని ఇంట్లో, సాక్షులు చూస్తుండగా తీసుకపోయారు. దాదాపు 25 మందిని వీధిలో. మిగతావాళ్లను పనిచేసే చోటో, చదివే చోటో. వయసు చూస్తే మూడో వంతు మంది 21 నుంచి 25 మధ్యవాళ్లు. నూటికి 30 మంది కార్మికులు, 21 మంది విద్యార్థులు, 30 మంది స్త్రీలు. కాబట్టి మీ పాత్ర తుపాకి పట్టిన వీరుడే కానక్కర్లేదు. కార్ఖానా సంఘంలో చందా రసీదులు రాసే పిల్ల అయినా సరే.

ముఠా వచ్చేముందు ఆ ప్రాంతపు పోలీసులకు "ఆ వీధి వదిలేయండి" అని కబురు వెళ్తుంది. తర్వాత ఇంట్లోవాళ్లు ఫోన్ చేసినా జీపు రాదు. నంబరు లేని కార్లు, ఎక్కువగా ఫోర్డ్ ఫాల్కన్. అందులోనూ ఆకుపచ్చవి అందరికీ గుర్తుండిపోయాయి. మామూలు బట్టల్లో మనుషులు. చాలా ఇళ్లలో సామాను కూడా ఎత్తుకపోయారు: టీవీ, బట్టలు, ఫ్రిజ్. ఈ దోపిడీని తెలుగు రచయితలు వదిలేస్తారు, "స్థాయి తగ్గుతుంది" అనుకొని. వదలకండి. కొడుకును గుంజుకపోయినోడు ఇంట్లోని కుట్టుమిషను కూడా మోసుకపోయాడంటే, ఆ "ఇండ్రు" ఎలాంటి మనుషులో అర్థమవుతుంది.

ఆ తర్వాత తల మీద ముసుగు, పేరు బదులు నంబరు. బందీల భాషలో ఎత్తుకపోబడ్డవాడు "పీల్చేయబడ్డవాడు". "బదిలీ" అంటే చావు. ఎస్మాలో బదిలీలు ఎక్కువగా బుధవారాల్లో. మత్తుసూది వేసి, విమానంలో ఎక్కించి, నదిలోనో సముద్రంలోనో పడేశారు. ఆ విమానాల్లో వెళ్లిన అదోల్ఫో శిలింగో అనే నౌకాదళ అధికారి 1995లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను "ఎన్.ఎన్." అని, అంటే పేరు తెలియనివాళ్లని, ఊరి శ్మశానాల్లో పూడ్చారు. "బదిలీ" లాంటి ఆఫీసు మాటను నవలలో మొదటిసారి మామూలు అర్థంలోనే వాడండి, ఎవరిదో బ్యాంకు బదిలీ లాగా. రెండోసారి వచ్చినప్పుడు పాఠకునికి చల్లగా తగులుతుంది.

ఎత్తుకపోయే దృశ్యం 1,200 మాటలు మించొద్దు. దాన్ని మొదటి అధ్యాయంలో పెట్టొద్దు. ఆ మనిషి ఇంట్లోంచి బయటికి వెళ్లి తిరిగి రావడం పాఠకుడు కనీసం రెండుసార్లు చూడాలి. మూడోసారి రాకపోతేనే లోటు తెలుస్తుంది.

తేడా చూడండి. ఇలా రాయొద్దు: "ఆ కాళరాత్రి కర్కోటకులైన సైనికులు తలుపులు బద్దలుకొట్టి మృగాల్లా విరుచుకుపడ్డారు." ఇందులో ఒక్క వస్తువు లేదు, ఒక్క మనిషి లేడు. ఇలా రాయండి: "లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. నలుగురు దిగారు. ఒకతని చేతిలో కరెంటు బిల్లు ఉంది, కింద డబ్బాలోంచి తీసుకున్నట్టున్నాడు. పేరు అందులో చూసి చదివాడు, ఒత్తు తప్పు పలికాడు. లోపల్నుంచి ఆమె అలవాటుగా సరిచేసింది." ఆ సరిచేయడం ఆమెను జీవితాంతం తింటుంది. రెండు వందల పేజీలు మోయగల బరువు ఒక కరెంటు బిల్లులో దొరికింది.

5. ఇల్లు, కాగితాలు

నవలలో సగం ఇక్కడే ఉండాలి. మాయం చేసినవాళ్లు కుటుంబం చేతిలోంచి మనిషినే కాదు, కాగితాన్నీ తీసుకుంటారు. శవం లేదు కాబట్టి మరణ పత్రం లేదు. అరెస్టు లేదు కాబట్టి వకాల్తా వేయడానికి కేసు లేదు. భార్య వితంతువూ కాదు, పెనిమిటి ఉన్న మనిషీ కాదు.

దీని లోతు తెలియాలంటే ముందు ఒక పేజీ మీ ఇంటి మీద రాసి చూడండి. అచ్చుకు కాదు, చెయ్యి తిరగడానికి. దేవరకొండ దగ్గరో అచ్చంపేట దగ్గరో ఒక ఇల్లు. పట్టా అతని పేర ఉంది, విరాసత్ కావాలంటే మరణ ధృవీకరణ పత్రం అడుగుతారు. రేషన్ కార్డులో పేరు ఉంచాలా, తీయించాలా? పెత్తరమాసకు తాతల పేర్లతో బియ్యం ఇస్తారు. అయ్యగారు "ఇంకెవరి పేరన్నా ఉందా?" అని అడుగుతాడు. తల్లి లేదంటుంది, తండ్రి నేల చూస్తాడు. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, ఊడ్చేటప్పుడు చిన్నకోడలు వాటిని జరిపి మళ్లీ అక్కడే పెడుతుంది. మన చట్టంలో ఏడేళ్లు జాడ లేకపోతే చనిపోయినట్టు భావించే వీలుంది. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, కొత్తదాంట్లో 111. ఏడో ఏడు నిండిన రోజు ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో రాయండి. బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం మాత్రం వద్దు. తెలుగు కథల్లో అవి ఎంత వాడారంటే, ఇప్పుడు అవి చూపించడానికి పనికిరావు.

ఆ పేజీని పక్కన పెట్టి, ఇప్పుడు అక్కడి ఇంటికి వెళ్లండి. అక్కడ ఇదే ప్రశ్న చట్టమై వచ్చింది. 1979 సెప్టెంబర్‌లో సైనిక ప్రభుత్వం, జాడ లేనివాళ్లను చనిపోయినట్టు ప్రకటించే వీలు కల్పిస్తూ 22,068 నంబరు చట్టం తెచ్చింది. పైకి చూస్తే కుటుంబాలకు సాయం: ఆస్తి, పింఛను, మళ్లీ పెళ్లి. సంతకం పెడితే మాత్రం "ఎలా చచ్చాడు, ఎవరు చంపారు" అని అడిగే హక్కు పోయినట్టే. చాలా కుటుంబాలు ఎదిరించాయి. 1994లో పౌర ప్రభుత్వం 24,321 నంబరు చట్టంతో "బలవంతపు అదృశ్యం వల్ల గైర్హాజరు" అనే కొత్త హోదా తెచ్చింది. చనిపోయాడని చెప్పనక్కర్లేకుండానే వారసత్వం నడుస్తుంది. ఈ రెండు కాగితాల మధ్య 15 ఏళ్లు. ఒకే బల్ల మీద అవి రెండుసార్లు రావడం ఒక నవలకు వెన్నెముక కాగలదు. ఆస్తి కోసం సంతకం పెట్టిన కోడలు, పెట్టని అత్త. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అలా రాయగలిగితే నవల నిలబడుతుంది.

వెతుకులాట క్రమం కూడా కాగితాలదే. మొదట పోలీసు ఠాణా, తర్వాత ఆసుపత్రులు, శవాగారం, సైనిక స్థావరాల గేట్లు, హోం శాఖ కిటికీ, హెబియస్ కార్పస్, సైన్యపు చర్చి కార్యాలయం. ఆ చర్చి కార్యాలయంలో ఒక ఫాదర్ వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల పేర్లతో కార్డుల పెట్టె నడిపేవాడు. హెబియస్ కార్పస్‌లు వేలల్లో వేశారు, దాదాపు అన్నిటికీ వచ్చిన జవాబు "అలాంటి వ్యక్తి నిర్బంధంలో లేడు". 1979 సెప్టెంబర్ 6 నుంచి 20 దాకా అమెరికా దేశాల మానవ హక్కుల కమిషన్ వచ్చినప్పుడు ఫిర్యాదు రాయించడానికి వరుసలు కట్టారు. ఒక్కో చోటికి ఒక్కో పసుపు కార్డు పెట్టి మూడు విషయాలు రాయండి: కిటికీ అవతల కూర్చున్నదెవరు, ఏ కాగితం అడిగారు, బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఏముంది. మూడో గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఏడెనిమిది కిటికీలూ పూర్తిగా రాస్తే పాఠకుడు అలసిపోతాడు. రెండు పూర్తిగా రాసి, మిగతావి ఒక్కో వాక్యంలో దాటేయండి.

ఇళ్లు కూడా మారవు. వస్తే ఎక్కడికి రావాలో తెలియాలి కదా అని ఇల్లు ఖాళీ చేయని, తాళం మార్చని, ఫోన్ నంబరు వదలని కుటుంబాలున్నాయి. అద్దె పెరిగినా కదలరు. ఈ ఒక్క విషయం నుంచి డబ్బు, ఇరుగుపొరుగు, చెల్లెలి పెళ్లి, అన్నీ అల్లుకోవచ్చు.

6. చౌరస్తాలో తల్లులు

1977 ఏప్రిల్ 30, శనివారం. పద్నాలుగు మంది ఆడవాళ్లు బ్యూనస్ ఎయిర్స్‌లో అధ్యక్ష భవనం ముందున్న ప్లాసా దె మాయో అనే చౌరస్తాకు వచ్చారు. శనివారం అక్కడ ఎవరూ ఉండరు, ఎవరూ చూడలేదు. రోజు మార్చుకొని చివరికి గురువారం మూడున్నరకు స్థిరపడ్డారు. గుంపుగా నిలబడడం నేరం, పోలీసులు "కదలండి, కదలండి" అన్నారు. దాంతో జతలు జతలుగా చేయి చేయి పట్టుకొని చౌరస్తా మధ్యలోని స్తంభం చుట్టూ నడిచారు. అదే ఏడాది అక్టోబర్‌లో లుహాన్ తీర్థయాత్రలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తల మీద తెల్లగుడ్డ కట్టుకున్నారు. అవి పిల్లలకు కట్టిన పాతగుడ్డలు.

డిసెంబర్‌లో వాళ్లలోనే కొందరిని ఎత్తుకపోయారు. తమ్ముడు తప్పిపోయాడని చెప్పి వాళ్లలో కలిసిన అస్తీస్ అనే నౌకాదళ అధికారి పట్టించాడు. మొదటి రోజు నుంచి ముందు నడిచిన అసుసేనా వియాఫ్లోర్‌ను డిసెంబర్ 10న తీసుకపోయారు.

ఈ దృశ్యం రాసేముందు ఒక పని చేయండి. నల్లగొండ గడియారం సెంటర్‌లోనో మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో మధ్యాహ్నం మూడున్నరకు ఒక పక్కన నిలబడి అరగంట చూడండి. ఎవరు ఆగుతారు, ఎవరు ముఖం తిప్పుకుంటారు, ఆటోవాళ్లు ఎటు చూస్తారు, నీడ ఎటు జరుగుతుంది, ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎన్నిసార్లు విజిలేస్తాడు. ఇంటికొచ్చి 400 మాటల్లో రాయండి. అందులోంచి ఆటోలు, మిర్చీబజ్జీ బండి తీసేసినా మిగిలేది ఏదో ఉంటుంది: చౌరస్తాలో నిలబడ్డ ఒంటరి ఆడమనిషి మీద పడే చూపు. అదే అక్కడికి తీసుకపోవాల్సింది.

7. ఎవరి కళ్లతో

తల్లి ఒక్కతే చెబితే ఏడుపు ఎక్కువవుతుంది. మాయమైనవాడే చెబితే చచ్చినవాడు మాట్లాడినట్టవుతుంది. మూడు గొంతులు సరిపోతాయి: ఇంట్లోవాళ్లు ఒకరు, బతికి బయటపడ్డ ఒకరు, చూసీ నోరు మెదపని ఒకరు. మూడోది చాలా విలువైనది. నిర్బంధ సైనిక సేవలో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు కావచ్చు. శ్మశానంలో "ఎన్.ఎన్." అని పలక నాటే కాపలావాడు కావచ్చు. పుట్టిన బిడ్డను పక్క గదిలోకి మార్చిన నర్సు కావచ్చు.

చిత్రహింసల గది మొత్తం నవలలో రెండుసార్లు మించి రావొద్దు, వచ్చినా 600 మాటల లోపు. అంతకు మించితే పాఠకుడు బాధితుణ్ణి వదిలి పరికరాన్ని చూస్తాడు. ముసుగు కింద ఉన్నవాడికి కనబడేది పాదాలు, వినబడేది రేడియో. అంతవరకే రాయండి. హింసించేవాడికి గొప్ప సంభాషణలు ఇవ్వకండి. మన సినిమాలు మనకు నేర్పిన చెడ్డ అలవాటు అది.

8. పేర్లు, యాస

స్పానిష్ పేర్లకు ఒక నియమం పెట్టుకొని చివరిదాకా మారకండి. హెచ్ పలకదు, జె మన హకారం: హొసే, హువాన్. జంట ఎల్‌ను "య" అని రాస్తే చాలు, బ్యూనస్ ఎయిర్స్ వాళ్లు "ష"కు దగ్గరగా పలికినా. ఒకచోట "వియా", ఇంకోచోట "విల్లా" వస్తే పాఠకుడు ఇద్దరు మనుషులనుకుంటాడు. ముఖ్యమైన పాత్రల పేర్లు మొదటి అక్షరంతోనే వేరుపడాలి.

సంభాషణకు పూర్తి పాలమూరు యాస పెడితే బ్యూనస్ ఎయిర్స్ తల్లి జడ్చర్ల బస్టాండులో దిగినట్టుంటుంది. పుస్తక భాష పెడితే కోర్టు గుమాస్తాలా ఉంటుంది. ఇంట్లో మామూలు వాడుక తెలుగు ఉంచి, ఉత్తరాన తుకుమాన్ చెరకుతోటల నుంచి వచ్చిన కూలి పాత్ర ఉంటే ఆ ఒక్కరికి యాస ఇవ్వండి. రాజధానివాళ్లకూ అతనికీ ఉన్న దూరం తెలుగు పాఠకునికి అప్పుడు చెవికే తెలుస్తుంది. అమ్మ, నాయిన, అక్క అనే పిలుపులు ఉంచొచ్చు. "గారు", "అండీ" మాత్రం అధికారుల ముందు, భయపడ్డప్పుడు మాత్రమే.

9. ఊళ్లో వినేటప్పుడు

దక్షిణ తెలంగాణలో జాడ తెలియని మనుషులున్న ఇళ్లు లేకపోలేదు. వలసపోయి తిరిగి రానివాళ్లు, ఇంకా చాలా కారణాలు. వాళ్ల దగ్గర కూర్చుంటే ముందే చెప్పండి, నవల రాస్తున్నామని. పేరు, ఊరు, ఇంటి గుర్తు ఏదీ వాడొద్దు. ఫోన్‌లో రికార్డు పెట్టేముందు అడగాలి, వద్దంటే ఇంటికొచ్చాక కూడా మాటకు మాట రాసుకోవద్దు. వలసలో తప్పిపోవడం, ప్రభుత్వం మాయం చేయడం ఒకటి కాదు. చట్టం దృష్టిలోనూ కాదు: రాజ్యమో, దాని అండ ఉన్నవాళ్లో పట్టుకపోవడం, పట్టుకపోలేదని బొంకడం, ఈ రెండూ ఉంటేనే బలవంతపు అదృశ్యం. దీని మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006లో వచ్చింది. 2007 ఫిబ్రవరిలో భారత్ సంతకం పెట్టింది, ధ్రువీకరించలేదు.

10. ముగింపు

తిరిగి రానివ్వకండి. తలుపు తట్టిన చప్పుడుతో ముగించడం కూడా వద్దు, అది మోసం. చరిత్రలో ఉన్న ముగింపులు చాలు. 1984లో మొదలైన ఫోరెన్సిక్ మానవశాస్త్ర బృందం ఇప్పటికీ ఎముకలకు పేర్లు వెతుకుతోంది. 1977 డిసెంబర్‌లో ఒడ్డుకొచ్చి పేరు లేకుండా పూడ్చిన శవాల్లో అసుసేనా వియాఫ్లోర్ ఒకరని 2005లో తేలింది. ఆమె అస్థికలను ఆమె నడిచిన ఆ చౌరస్తాలోనే ఉంచారు. నిర్బంధంలో పుట్టో, తల్లిదండ్రులతో పాటు ఎత్తుకపోబడో వేరే ఇళ్లలో పెరిగిన దాదాపు 500 మంది పిల్లల్లో 130కి పైగా మందిని వాళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు గుర్తించారు. తల్లిదండ్రులు లేకుండానే అమ్మమ్మ నెత్తురుతో బంధుత్వం తేల్చే పరీక్షను శాస్త్రవేత్తలు రూపొందించింది ఈ ముసలమ్మలు అడగడం వల్లనే. ఎముక దొరికినప్పుడు ఇంట్లోవాళ్లకు కలిగేది ఉత్త దుఃఖం కాదు. అన్నేళ్లుగా పట్టుకున్న "ఉన్నడు" చేతిలోంచి జారుతుంది. అది రాయండి.

11. ప్రతులు, అచ్చు

అరవై వేల మాటలు, ముప్పై అధ్యాయాలు లక్ష్యం పెట్టుకోండి. రోజుకు 500 మాటలు రాస్తే నాలుగు నెలల్లో చిత్తుప్రతి వస్తుంది. నెల రోజులు ముట్టుకోకుండా ఉంచి, ముగ్గురికి ఇవ్వండి: చరిత్ర చదివినవాళ్లు ఒకరు, వకీలు ఒకరు, నవలలు తప్ప ఏమీ చదవనివాళ్లు ఒకరు. మూడోవాళ్లు ఎక్కడ పేజీలు తిప్పేశారో అడగండి, ఎందుకని అడగకండి.

యూనికోడ్‌లో టైపు చేసి, డీటీపీ వాళ్లు అను ఫాంటుకు మార్చినప్పుడు వత్తులు విరుగుతాయి, ముఖ్యంగా స్పానిష్ పేర్లలో. మార్చిన తర్వాతి ప్రూఫే అసలు ప్రూఫ్. అంతకుముందు చూసింది లెక్కకు రాదు. డెమీ సైజులో 250 పేజీల దాకా వస్తుంది. ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, అచ్చుకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆఖరి ప్రూఫ్ అప్పుడు ఎర్ర పెన్ను తీసుకొని ఒక్క పని చేయండి. మాయమైన మనిషి గురించి వచ్చిన ప్రతి "ఉన్నడు", "ఉండె", "ఉండేవాడు" కింద గీత గీయండి. తల్లి మాటల్లో ఎముక దొరికేదాకా "ఉండె" రాకూడదు. తండ్రి నోట ఒక్కసారి జారొచ్చు, జారినప్పుడు గదిలో మిగతావాళ్లు ఏం చేశారో ఆ పక్క వాక్యంలోనే ఉండాలి. చెల్లెలికి ఎప్పుడు మారిందో ఆమెకే తెలియకుండా మారాలి, ఏ పేజీలో మారిందో మీకు మాత్రం తెలిసి ఉండాలి. ఆ పేజీ నంబరు పసుపు కార్డు మీద రాసి పెట్టుకోండి.